వేరుచేయు విద్య: టీకామందులలోని సూక్ష్మరేణువుల కథ

హంసకు పాలను నీళ్లను వేరుచేయు నేర్పు కలదని మన కవులు వందలయేండ్లుగా చెప్పుచున్నారు. హంస సంగతి నేనెరుగను గాని, ఆ నేర్పు మన యిండ్లలోని స్త్రీలకు కలదని మాత్రము ప్రతివారును ఎరిగినదే. చేటతో చెరిగినచో తాలు ఎగిరిపోయి గింజ నిలుచును. జల్లెడ పట్టినచో నూక దిగి బియ్యము మిగులును. కవ్వముతో చిలికినచో వెన్న తేలి మజ్జిగ అడుగున నుండిపోవును. మొదటిది బరువును బట్టి, రెండవది పరిమాణమును బట్టి, మూడవది నీటితోడి పొత్తును బట్టి జరుగు వేర్పాటు. నేను ఈ ప్రసంగమున చెప్పదలచిన చరిత్రయంతయు ఈ మూడు పనుల చరిత్రయే. ఇచట చెరుగవలసిన గింజలు మాత్రము కంటికిగాని, మామూలు సూక్ష్మదర్శినికిగాని కానరావు.

అవి ఎంత చిన్నవో మొదట చెప్పెదను. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. కామెర్ల వ్యాధులలో ఒకటైన హెపటైటిస్-బి రాకుండ వేయు టీకాలోని రేణువు సుమారు 22 నానోమీటర్ల వెడల్పు గలది. అట్టివి 45 వేలు వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు నిండును. 2020 డిసెంబరులో కోవిడ్ వ్యాధికై వాడుకలోనికి వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలలోని కొవ్వు రేణువులు వీనికంటె పెద్దవి, ఇంచుమించుగా 100 నానోమీటర్లవి. ఇట్టి రేణువుల మందును మనుష్యుని కండలోనికి సూదితో ఎక్కించుటకు ముందు, అందేమున్నది, ఎంత యున్నది, ఉండకూడనిది ఏమైన నున్నదా యను మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పగలుగవలెను. చెప్పలేకపోయినచో ఏమగునో 1942లో లోకము చూచినది.

ఆ సంవత్సరమున అమెరికా సైనికులకు యెల్లో ఫీవరు రాకుండ టీకాలు వేసిరి. ఆ టీకాలోని సూక్ష్మజీవి మిక్కిలి సుకుమారమైనది. అది చెడకుండుటకై ఆరోగ్యవంతుల నెత్తుటినుండి తీసిన సీరమును అందు కలిపిరి. ఇచ్చినవారు ఆరోగ్యముగనే కానవచ్చిరి. సీరము తేటగనే యుండెను. కాని కొన్ని నెలలకు సుమారు 50,000 మంది సైనికులు కామెర్లతో పడకలెక్కిరి. ఆ నెత్తుటిలో దాగియున్నది హెపటైటిస్-బి అని నాటి సైనికులు వృద్ధులైన పిమ్మట, 1987లో వెలువడిన రక్తపరీక్షల వలన గాని నిశ్చయము కాలేదు. 1942లో వైద్యులు అజాగ్రత్తగా నుండిరని నేననను. చూచుటకు వారికి సాధనము లేదు, అంతియే.

సాధనము లేదంటిని గాని, దాని బీజము అప్పటికి నలుబదియేండ్ల క్రిందటనే పడియుండెను. నాటినది టీకాలతో ఏమాత్రమును సంబంధము లేని యొక వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన పేరు మిహాయిల్ త్స్వెత్. తండ్రి రష్యను, తల్లి ఇటలీ దేశీయురాలు. 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణమున జన్మించి, జెనీవాలో చదివి, రష్యాకు పోయి, తుదకు వార్సాలో ఉపాధ్యాయుడైనాడు. ఆకులోని పచ్చదనము ఒకే పదార్థమా, పెక్కు పదార్థముల కలయికయా యని ఆయన సందేహము. ఒక గాజుగొట్టమునిండ సుద్దపొడిని గట్టిగా కూరి, ఆకుల రసమును పెట్రోలియపు తైలమువంటి ద్రవములో కలిపి పైనుండి పోసి, వెనుక వట్టి ద్రవమును పోయుచు వచ్చెను. రసము దిగుచున్నకొలది గొట్టములో రంగురంగుల పట్టెలు ఏర్పడెను: ఇచట పచ్చన, అచట నీలి కలిసిన పచ్చన, అచటచట పసుపు. సుద్దకు గట్టిగా అంటుకొనునది మీదనే నిలిచినది; అంటుకొననిది వడిగా దిగినది. 1903 మార్చిలో వార్సాలోని ప్రకృతిశాస్త్రజ్ఞుల సభలో ఆయన ఈ సంగతి చదివెను. 1906లో దీనికి క్రొమటోగ్రఫీ, అనగా వర్ణలేఖనము, అని పేరు పెట్టెను. రష్యను భాషలో త్స్వెత్ అనగా రంగు అనియే అర్థము. కనుక ఆయన ఆ విద్యకు తన పేరే పెట్టుకొనెనని చమత్కరించువారు కలరు. నాకును అది కొంత నిజమనియే తోచును.

ఈ విద్య వెంటనే లోకమున వ్యాపించెనని శ్రోతలు తలపవచ్చును. అట్లు జరుగలేదు. ఆయన వ్యాసములు వృక్షశాస్త్ర పత్రికలో వెలువడినవి. రసాయనజ్ఞులు వాటిని చదువరు. చదివినవారిలో మిక్కిలి పేరుగల విల్‌స్టాటర్, సుద్దపొడిమీద అంటుకొనుటలో పచ్చదనమే మారిపోవునేమో యని శంకించెను. అంతటివాడు శంకించిన పిమ్మట ఇతరులు దాని జోలికి పోలేదు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. త్స్వెత్ వార్సా విడిచి, ఊరూర తిరిగి, 1919లో వరోనెజ్ పట్టణమున నలుబదియేడవయేట మరణించెను. అటుపై 1931లో హైడెల్‌బర్గ్ నగరమున కూన్, లెడెరర్, వింటర్‌స్టైన్ అను మువ్వురు కారట్‌గడ్డలోని పసుపురంగును ఈ పద్ధతిచేతనే వేరుచేసి చూపునప్పటికి గాని లోకము కన్ను తెరువలేదు. వారు ఆధారముగా గొన్నది త్స్వెత్ రష్యనులో వ్రాసిన గ్రంథమునకు జర్మను అనువాదము. ఆ అనువాదమును తొలుత తనకొరకు చేయించుకొన్నవాడు, శంకించిన విల్‌స్టాటరే! కూన్ ఆయన శిష్యుడు. గురువు పెట్టెలో మూతబడియున్న విద్య శిష్యుని చేతిలో బయటపడెను.

1941లో ఇంగ్లండులోని లీడ్స్ నగరమున, గొఱ్ఱె ఉన్నిని పరిశోధించు సంస్థలో పనిచేయు మార్టిన్, సింజ్ అనువారు ఇంకొక మెట్టు ఎక్కిరి. గట్టిపొడికి అంటుకొనుట యనునదానికి బదులు, పొడిలో తడిగా పట్టియున్న నీటికిని, పైనుండి పారు వేరొక ద్రవమునకును నడుమ పదార్థములు పంచుకొనబడునట్లు చేసిరి. నేను మొదట చెప్పిన వెన్న సంగతియే ఇది. ఆ వ్యాసములోనే వారు, పొడి రేణువులు మిక్కిలి సన్నముగ నుండి, ద్రవమును మిక్కిలి ఒత్తిడితో నెట్టినచో వేర్పాటు మరింత నిశితమగునని వ్రాసి విడిచిరి. అట్టి యంత్రము తయారగుటకు ఇంచుమించు పాతికేండ్లు పట్టినది. వారికి 1952లో నోబెల్ బహుమానము వచ్చినది. నేటి ఔషధ పరీక్షాశాలలలో పగలు రాత్రి నడుచు హెచ్.పి.ఎల్.సి. యంత్రము ఆ రెండు మూడు వాక్యముల సంతానమే.

ఇక బరువును బట్టి వేరుచేయుట. ఇది స్వీడనులోని ఉప్సాల నగరపు విద్య. 1920ల నడుమ అచట స్వెడ్‌బెరి అను పండితుడు, ద్రవమును మహావేగముతో త్రిప్పి అందలి అణువులు ఎంత వడిగా అడుగునకు దిగునో కొలుచు యంత్రమును నిర్మించెను. దిగు వడిని కొలుచు కొలతకు నేటికిని ఆయన పేరే. యుద్ధకాలమున యురేనియమును వేరుచేయుటకై అమెరికాలో వెలసిన ఓక్‌రిడ్జి అను చోట, 1960లలో నార్మన్ ఆండర్సన్ ఈ త్రిప్పుడు విద్యను సూక్ష్మజీవులమీదికి మరలించెను. గిరగిర తిరుగు పాత్రలో పంచదార ద్రావణమును, అంచున చిక్కగను నడుమ పలుచగను ఉండునట్లు నింపి, సూక్ష్మజీవుల ద్రవమును అందులోనికి పంపినచో, ఏ రేణువు సాంద్రత ఏ పొరకు సరిపడునో ఆ పొరలో అది పోయి నిలుచును. అణ్వాయుధముల ఊరిలో పుట్టిన యంత్రము ఇన్‌ఫ్లుయెంజా టీకాను శుభ్రపరచుటకు పనికివచ్చెను. యుద్ధ సామగ్రికి ఇంతటి మంచి గతి పట్టుట అరుదు.

ఈ యంత్రమునకు తగిన పరీక్ష హెపటైటిస్-బి విషయమున ఎదురైనది. బ్లుంబెర్గ్ అను అమెరికను వైద్యుడు ఆస్ట్రేలియా ఆదివాసి యొకని నెత్తుటిలో ఒక వింత పదార్థమును కనుగొని 1965లో ప్రకటించెను. అది కామెర్లకు సంబంధించినదని తరువాత తేలినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా అది 22 నానోమీటర్ల గుండ్రని రేణువు: సూక్ష్మజీవికి పైచొక్కా మాత్రమే, లోన ప్రాణము లేనిది. రోగి శరీరము ఇట్టి ఖాళీ చొక్కాలను కోట్లకొలది నెత్తుటిలోనికి విడుచును. 1970లో డేన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు అదే నెత్తుటిలో 42 నానోమీటర్ల పూర్తి సూక్ష్మజీవిని చూపెను. కనుక సమస్య ఇట్లు నిలిచినది: ఒకే నెత్తుటి బొట్టులో ఖాళీ చొక్కా కలదు, చొక్కా తొడిగిన దొంగయు కలడు. చొక్కాను మాత్రమే తీసి టీకాగ వేసినచో దేహము దొంగను గుర్తుపట్టుట నేర్చుకొనును. దొంగ యొక్కడైన వెంట వచ్చినచో 1942 మరల వచ్చును.

అమెరికాలో హిల్లెమన్ అను టీకాల శిల్పి ఈ సాహసమునకు పూనుకొనెను. రోగవాహకుల నెత్తుటి ప్లాస్మాను మహావేగముతో త్రిప్పి రేణువులను వేరుచేసి, అంతటితో నమ్మక, పెప్సిను, యూరియా, ఫార్మలిను అను మూటితో వరుసగా దానిని శిక్షించెను. 1981లో ఆ టీకాకు అనుమతి వచ్చినది. సరిగా ఆ కాలముననే ఎయిడ్స్ వ్యాధి బయటపడుటచే, నెత్తుటితో చేసిన టీకా యనగానే జనులు వెనుదీసిరి. ఆ మూడు సంస్కారములును ఎయిడ్స్ సూక్ష్మజీవిని కూడ చంపునని తరువాత రుజువైనది గాని, భయము రుజువులకొరకు ఆగదు గదా.

నెత్తురు లేకయే ఆ చొక్కాను కుట్టుట ఎట్లు? దాని నమూనాను తెలుపు జన్యువును ఈస్టు కణములలో ప్రవేశపెట్టిరి. రొట్టెలు పొంగించు ఈస్టే ఆ పనికి ఒదిగినది. 1986లో ఆ టీకా అమెరికాలో అనుమతి పొందెను. మన హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఇట్టి టీకాను, భారతదేశమున మొదటిదానిని, తయారుచేసి విడుదల చేసినది. ఇచట నెత్తుటి భయము లేదు. కాని వేర్పాటు పని తగ్గలేదు. ఈస్టును నలుగగొట్టినప్పుడు మన రేణువుతోబాటు ఈస్టుయొక్క వేలకొలది సొంత పదార్థములు బయటికి వచ్చును. అందుండి రేణువును పగులకుండ తీయవలెను. పగిలినచో, అదే ప్రోటీను, అదే తూకము ఉన్నను, దేహమునకు దానిమీద దృష్టి నిలువదు. టీకా బలము మిక్కిలి తగ్గిపోవును. బియ్యమును నూక చేయకుండ దంచుట యెట్టి నేర్పో ఇదియు అట్టిదే.

పగులగొట్టక పరిమాణమును బట్టి వేరుచేయు సాధువైన పద్ధతి మరల ఉప్సాలనుండియే వచ్చెను. 1959లో పొరాత్, ఫ్లొడిన్ అనువారు, పంచదారనుండి బాక్టీరియములు చేయు డెక్స్‌ట్రాన్ అను జిగురుతో సన్నని రంధ్రములు గల పూసలను చేసి గొట్టములో నింపిరి. ఇందు ఫలితము మన జల్లెడకు విపరీతము: పెద్దవి ముందు వచ్చును, చిన్నవి వెనుక వచ్చును. ఊరిలో రథోత్సవమును తలచుకొనుడు. రథము సందులలో పట్టదు గనుక రాజవీధివెంట నేరుగా సాగిపోవును. పిల్లలు ప్రతి సందులోను దూరి, తిరునాళ్ల అంగళ్లన్నియు చూచి, ఆలస్యముగా గుడికి చేరుదురు. పెద్ద రేణువు రథము, చిన్న అణువు పిల్లవాడు. నేటికిని టీకా రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలైనవా, పగిలి తునకలైనవా యని తెలిసికొనుటకు ఈ పద్ధతి వాడుచున్నారు.

ఇంతవరకు ప్రోటీను రేణువుల మాట. ఆర్.ఎన్.ఏ. టీకాల కథ వేరు. ఇందు టీకా పదార్థము ఒక ఉత్తరమువంటిది. ఫలాని ప్రోటీనును చేయుమని మన కణములకు వ్రాసిన ఆజ్ఞ. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున కారికో, వైస్‌మన్ అనువారు ఆ ఉత్తరములోని ఒక అక్షరమును మార్చినచో దేహము దానిని శత్రువని పొరబడదని 2005లో చూపిరి. అయినను కొంత పొరపాటు మిగిలియుండెను. కారణము మురికి. యంత్రమున ఆర్.ఎన్.ఏ.ను వ్రాయునపుడు, అక్కడక్కడ రెండు పోగులు పెనవేసికొన్న ఆర్.ఎన్.ఏ. కూడ పుట్టును, దానిని చూడగానే కణము సూక్ష్మజీవి వచ్చినదని గగ్గోలుపడి ప్రోటీను పని ఆపివేయును. 2011లో కారికో బృందమువారు, మార్టిన్, సింజ్‌లు కలగనిన ఆ హెచ్.పి.ఎల్.సి. గొట్టముగుండ ఆర్.ఎన్.ఏ.ను పంపి పెనవేతలను తొలగించిరి. కణములలో ప్రోటీను తయారు 10 మొదలు 1000 రెట్లవరకు పెరిగెను. 2023లో వారిరువురికి నోబెల్ బహుమానము ఇచ్చినపుడు పత్రికలన్నియు అక్షరము మార్చిన సంగతినే వ్రాసినవి. ఆ గొట్టము సంగతి వ్రాసినవారు నాకు కానరాలేదు. 2019లో కారికో కూడ చేరియున్న యొక బృందము, ఖరీదైన గొట్టము లేకయే, సారాయి కలిపిన ద్రవములో వట్టి సెల్యులోజు పొడికి ఆ పెనవేతలు అంటుకొని పోవునని చూపెను. సెల్యులోజు అనగా మరేమియు కాదు, మన ప్రత్తిలో నున్న పదార్థమే.

ఉత్తరమునకు కవరు కావలెను. ఆ కవరే కొవ్వు రేణువు. అందు నాలుగు విధములైన కొవ్వులు కలవు: పులిసిన ద్రవములో విద్యుదావేశము పొంది ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొనునది యొకటి, గోడకు బలమిచ్చు ఫాస్ఫోలిపిడు ఒకటి, కొలెస్టరాలు ఒకటి, రేణువులు ఒకదానికొకటి అంటకుండ పైని తొడుగైనది ఒకటి. ఈ నాలుగింటి పాళ్లు తప్పినచో కవరు తెరువవలసినచోట తెరచుకొనదు. కనుక రేణువును సారాయిలో కరగించి, నాలుగింటిని హెచ్.పి.ఎల్.సి. గొట్టములో విడదీసి, కొలువవలెను. ఇచట త్స్వెత్ నవ్వవలసిన చిక్కు వచ్చినది. ఆయన విద్యకు వర్ణలేఖనమని పేరు; ఈ కొవ్వులకో, రంగే లేదు. కంటికి కానరాకున్నను అతినీలలోహిత కిరణములకైన నీడ పడును గదా యన్నచో, వీనిలో పెక్కింటికి అదియు అంతగా పడదు. గొట్టమునుండి విడివిడిగా దిగుచున్నను, దిగినది తెలియదు! తుదకు ఉపాయమేమన, దిగు ద్రవమును తుంపరగా చిమ్మి, ఆరబెట్టి, మిగిలిన సూక్ష్మధూళికి విద్యుత్తును పట్టించి, ఆ విద్యుత్తును కొలుచుట. రంగులేనివానికి ఈ విధముగా ఒక గుర్తు దొరకినది.

ఇట్లు కొవ్వులను వేరుగ, ఆర్.ఎన్.ఏ.ను వేరుగ కొలిచి అంతయు సరిగనున్నదని సంతోషించు కాలమున, 2021లో మోడెర్నా సంస్థ పరిశోధకులు ఒక కలవరపెట్టు సంగతిని ప్రకటించిరి. కొన్ని నమూనాలలో ఆర్.ఎన్.ఏ. తెగలేదు, తరుగలేదు, పొడవును బట్టి చూచు పరీక్షలన్నింటిలోను నిక్షేపముగ నున్నది, కాని కణములో పనిచేయదు. దానిని నీటితోడి పొత్తును బట్టి వేరుచేయు గొట్టములో పంపి చూడగా, కాగితముమీద అసలు శిఖరము వెనుక, ఆలస్యముగా, ఇంకొక గూను కనబడెను. విచారింపగా, కవరులోని కొవ్వు అతిస్వల్పముగా గాలితో చెడి, ఆ చెడినది విరిగి, ఉత్తరములోని అక్షరములకు అతుక్కొనిపోయినదని తేలెను. కవరు జిగురు లోపలి ఉత్తరమునకు అంటుకొని ఒక అక్షరము మాసినచో, చదువువాడు అచటనే ఆగును. ఆర్.ఎన్.ఏ. పొడవు మాత్రము మారదు గనుక జల్లెడకు ఈ లోపము తెలియదు. వెన్నను పట్టు పద్ధతికే తెలిసినది. ఒకే పరీక్షను నమ్ముకొనినవారు దీనిని ఎన్నటికిని చూచియుండరు. నా మట్టుకు ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ చిన్న గూనే.

రేణువును విడగొట్టక నిలువునా చూచుటకు గొట్టపు పద్ధతికంటె మెత్తనిది వేరొకటి కలదు. 1966లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున గిడ్డింగ్స్ అనునాతడు దీనిని తలపెట్టెను. నేడు వాడుకలో నున్న రూపము 1987లో స్వీడను దేశీయుడైన వాలుండ్‌తో కలిసి ఆయన ప్రకటించినది. గోదావరిలో ఎదురేగు నావవారు గట్టును పట్టుకొని పోవుదురు, ఏలయన గట్టుప్రక్కన నీటివడి తక్కువ, నడుమ ఎక్కువ. అట్లే, మిల్లీమీటరులో సగమునకు మించని లోతుగల కాలువలో ద్రవమును పారించి, రేణువులను ప్రక్కనుండి వేరొక ప్రవాహముతో అడుగుగోడవైపునకు నెట్టుదురు. చిన్న రేణువు చురుకైనది. నెట్టినను మరల నడిమి వడిలోనికి ఎగయును, ముందు బయటపడును. పెద్దది గట్టుననే బద్ధకముగా సాగును. ఇందు పొడి లేదు, పూసలు లేవు, రేణువు ఇరుకున పడి నలుగు భయము తక్కువ.

అయినను ఈ పద్ధతులన్నియు తెలుపనిది యొకటి మిగిలినది. కవరులన్నింటిలోను ఉత్తరములు లేవు. ఒకే సీసాలో కొన్ని రేణువులు ఖాళీ, కొన్నింట ఒక్క ఆర్.ఎన్.ఏ., కొన్నింట పెక్కు. ఖాళీదియు నిండినదియు పరిమాణమున ఒకటిగ నుండవచ్చును. భేదము బరువులోనే కలదు: కొవ్వు నీటికంటె తేలిక, ఆర్.ఎన్.ఏ. నీటికంటె బరువు. దీనిని తేల్చుటకు పరిశోధకులు మరల ఉప్సాల యంత్రమునొద్దకే పోయిరి. ఇటీవలి సంవత్సరములలో వారు నీటికి బదులు కొంత భారజలమును కలిపి, స్వెడ్‌బెరి విద్యచొప్పున రేణువులను త్రిప్పి, ఏవి పైకి తేలునో, ఏవి అడుగునకు దిగునో, ఎంత వడితోనో కొలిచి, ఒక్కొక్క కవరులో ఎన్ని ఉత్తరములున్నవో లెక్కకట్టుచున్నారు.